మా ఆవిడకి చూపిస్తానన్న అగ్నిపర్వతం

ఆ రోజుల్లో అబద్ధానికి కూడా స్టాంపు అంటించాల్సి వచ్చేది. ఇప్పుడంటే "దారిలో ఉన్నాను" అని మెసేజీ పెట్టిన అర నిమిషంలో, మనం ఇంకా సోఫాలోంచి లేవలేదని అవతలి వాళ్ల ఫోనులో మ్యాపు చెప్పేస్తోంది గానీ, అప్పట్లో అడిలైడ్‌లో పోస్టు డబ్బాలో పడ్డ అబద్ధం సముద్రాలు దాటి నరసాపురం చేరడానికి రెండు వారాలు పట్టేది. దానికి జవాబు రావడానికి ఇంకో రెండు వారాలు. ఈ నెల రోజుల్లో, ఆడినవాడు ఆడిన సంగతి హాయిగా మరచిపోయి దాని మీద ఇంకోటి పేర్చేవాడు. ఆడినవాడు అని ఎవరి గురించో అన్నట్టు అంటున్నాను గానీ, నా గురించే. ఎనభైల ఆఖర్లో, ఇరవై ఏడేళ్ల వయసులో, తలనిండా జుట్టుతో, ప్రపంచంలో తనకి తెలియనిది లేదనే ధీమాతో తిరిగిన నా గురించే. ఆ కుర్రాడి మీద నాకిప్పుడు కోపం లేదు. కొంచెం జాలి, ఇంకొంచెం అసూయ (జుట్టు విషయంలో).

నాకు అడిలైడ్‌లో నీళ్ల గొట్టాలు గీసే ఉద్యోగం. గొట్టాల్లో ఒత్తిడి ఎక్కువైతే పేలిపోకుండా ఎక్కడెక్కడ కవాటాలు పెట్టాలో కాగితం మీద గీసి చూపించడం నా పని (ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత నాకే సిగ్గుచేటవుతుంది). మూడు వారాల సెలవు పెట్టి వెళ్లి పెళ్లి చేసుకున్నాను. నాది ఒంగోలు, అమ్మాయిది నరసాపురం. మా పాస్టరుగారికి వాళ్ల పాస్టరుగారు బావమరిది కావడంతో సంబంధం కుదిరింది. పెళ్లయ్యాక మిగిలింది పది రోజులు. ఆ పది రోజుల్లో మేము ఎనిమిది ఇళ్లలో విందు భోజనాలు చేశాము గానీ, ఇద్దరం కలిసి మాట్లాడుకున్న మాటలు ఒక పోస్టు కార్డులో పట్టేస్తాయి. నేను తిరిగి విమానం ఎక్కేశాను. ఆమెకి వీసా రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఉత్తరాలే మా కాపురం.

ఉత్తరం రాయడానికి కూర్చుంటే తెలిసింది, నా బతుకులో రాయదగ్గది ఏమీ లేదని. పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం బ్రెడ్డు, సాయంత్రం మార్పు కోసం కాల్చిన బ్రెడ్డు. గీసిన గొట్టాల గురించి రాస్తే కొత్త పెళ్లికూతురు ఏమనుకుంటుంది? ఆ ఆలోచనలో తల ఎత్తితే ఎదురుగా గోడ మీద క్యాలెండరు. ఆ నెల బొమ్మ మౌంట్ గాంబియర్‌లోని బ్లూ లేక్. నీలం సిరా ఒలికినట్టున్న సరస్సు. కింద చిన్న అక్షరాల్లో అది ఒకప్పటి అగ్నిపర్వతం నోరు అని ఉంది. "ఒకప్పటి" అన్న మాట నాకు అనవసరంగా తోచింది. వదిలేశాను. "మాకు దగ్గర్లోనే అగ్నిపర్వతాలున్నాయి" అని రాశాను. దగ్గర అంటే నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు, అయినా ఆస్ట్రేలియాలో అది పక్క వీధి కింద లెక్క. రెండో ఉత్తరంలో పర్వతం పొగలు కక్కింది. మూడోదానిలో సాయంత్రమయ్యేసరికి ఆకాశం దానిమ్మ గింజలా ఎర్రబడింది. అయిదో ఉత్తరానికి నేను అంచు దాకా వెళ్లి లోపలికి తొంగిచూశాను, ఎడమ కనుబొమ్మ కొద్దిగా మాడింది కూడాను. మా పెళ్లి చర్చిలో జరిగింది గనక అగ్నిసాక్షి లేదు. ఆ లోటు ఉత్తరాల్లో పూర్తిగా తీర్చేశాను. అప్పటికి నేను అడిలైడ్ దాటి ఎటూ వెళ్లి ఎరగనని వేరే చెప్పక్కర్లేదు. ప్రతి ఉత్తరం చివర మాత్రం ఒకే మాట రాసేవాణ్ని: "నీ కోసం ఎదురుచూస్తున్నాను." ఆ ఉత్తరాల మొత్తంలో నిజమైన వాక్యం అదొక్కటే.

జనవరి ఎండల్లో ఆమె దిగింది. రెండు పెట్టెలు, ఒక ఆవకాయ జాడీ, తండ్రిగారి ఉత్తరం. మా మామగారు నరసాపురంలో హైస్కూలు సోషలు మాస్టారు. ఆయన అక్షరాలు అచ్చు వేసినట్టుంటాయి. "చిరంజీవి అల్లుడుగారికి ఆశీస్సులు. మీరు వర్ణించిన అగ్నిపర్వతం ఫొటో ఒకటి, మా అమ్మాయిని పక్కన నిలబెట్టి తీసి పంపగలరు. మా స్కూల్లో ప్రపంచ పటం పక్కన తగిలించదలచితిని. పిల్లలకు ఉపయుక్తముగా నుండును." అది చదివేసరికి, కనుబొమ్మ మాడడం అంటే ఎలా ఉంటుందో నిజంగా తెలిసింది.

వచ్చిన వారం నుంచీ ఆమె అడిగేది ఒక్కటే. "ఏవండీ, కొండెప్పుడు చూద్దామండీ?" ఆమె మాటలు తక్కువ. "ఆయ్", "అలాగేనండి", "సరేనండి". గోదావరి వాళ్ల "అండి"లో మర్యాద ఎంతో వెటకారం ఎంతో కొలిచి చెప్పడానికి ఒంగోలు వాడికి ఒక జన్మ చాలదు. నేను దాన్ని నూటికి నూరుపాళ్లూ మర్యాదే అనుకునేవాణ్ని. "ఈ ఎండల్లో అగ్నిపర్వతం దగ్గరికి వెళ్తామా? కాస్త చల్లబడనీ" అన్నాను జనవరిలో. "ఆయ్, నిజమేనండి, మంట మీద మంట" అంది. ఫిబ్రవరిలోనూ అదే మాట చెప్పాను. మార్చిలో డ్రైవింగు లైసెన్సు రాలేదన్నాను. ఏప్రిల్లో ఎండలు తగ్గాయి, ఖర్మ కొద్దీ లైసెన్సూ వచ్చింది, ఈస్టరు సెలవులూ వచ్చాయి.

మీకు నవ్వులాటగా ఉండొచ్చు గానీ, నాకు నిద్ర పట్టేది కాదు. అబద్ధం బయటపడితే పరువు పోతుందని కాదు, పోవడానికి అదెంతుందని. నా భయం వేరు. ముక్కూమొహం సరిగా తెలియని మనిషిని నమ్మి, ఒక పిల్ల ఇంత దూరం వచ్చింది. ఆమె దగ్గర నా గురించి ఉన్న సాక్ష్యమంతా ఆ ఉత్తరాల కట్టే. (పెట్టెలో చీరల కింద, జడ రిబ్బనుతో కట్టి ఉండడం చూశాను.) అందులో కొండంత అబద్ధం ఒకటి బయటపడితే, చివర రాసిన ఆ ఒక్క నిజాన్ని మాత్రం ఎందుకు నమ్ముతుంది?

వ్యాను డాక్టరంకుల్‌ది. మా చర్చిలో తెలుగు వాళ్లందరికీ పెద్ద దిక్కు ఆయన, మా కంటే పదిహేనేళ్ల ముందే వచ్చి స్థిరపడ్డారు. నారింజ రంగు క్యాంపర్‌వ్యాను. లోపల ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, ఆంటీగారి పాత వెంకటగిరి చీర చింపి కుట్టిన కర్టెన్లు. ఇంజిను ముందు సీట్ల మధ్య ఒక దిమ్మ కింద ఉండేది. బండి కదిలిన పావుగంటకి ఆ దిమ్మ పెనంలా వేడెక్కేది. "దాని మీద కాళ్లు పెట్టకమ్మా, పట్టీలు కాలతాయి" అని ఆంటీ మా ఆవిడకి జాగ్రత్త చెప్పారు. ఆ మాట వినగానే నాలోని ఇంజినీరు మేల్కొన్నాడు.

ఎందుకంటే ఆంటీగారు మాకు ఇడ్లీ పిండి కూడా ఇచ్చారు. పెద్ద గురువారం (గుడ్‌ఫ్రైడే ముందు రోజు) సాయంత్రం వాళ్లింటి గ్రైండరులో రుబ్బి, "మూడ్రోజులు బ్రెడ్డు తిని తిరుగుతారా పిల్లలు! ఆదివారం పండగ పూట వేడివేడిగా వేసుకోండి" అని అయిదుగురికి సరిపడా పోశారు. ఆ చలికి పిండి పులవదని మా ఆవిడ దిగులు. మిక్సీలో రుబ్బినందుకో ఏమో, ఎండల్లో కూడా మా ఇంట్లో మూడు నెలలుగా ఏ పిండీ సరిగా పొంగలేదు, ఇడ్లీలు నాణేల్లా వచ్చేవి. "నేను పొంగిస్తాను చూడు" అని, రబ్బరు వాషరూ చుట్టూ మూడు క్లిప్పులూ ఉన్న స్టీలు డబ్బాలో పిండి నింపి, ఇంజిను దిమ్మ మీద తువ్వాలు పరిచి, దాని మీద డబ్బా పెట్టి తాడుతో బిగించి కట్టాను. ఆమె చూసింది. "ఏవండీ, మూత బిగించకండి" అంది. "బిగించకపోతే దారిలో ఒలికిపోతుంది." "పిండికి గాలాడాలండి." "అది పిండి, పసిపిల్ల కాదు" అన్నాను నేను, గాలి ఒత్తిడి మీద రెండేళ్లు చదివినవాణ్ని. "సరేనండి" అంది ఆమె. పప్పులో కాలేయడం అంటారు చూడండి, నేను సరిగ్గా అదే చేశాను, అదీ మినప్పప్పులో.

శుభ శుక్రవారం ఆరాధన అయ్యాక బయల్దేరాము. నేను బండి నడుపుతున్న తీరు చూసి వెనక వాళ్లు హారను కొడుతూ, ముందుకు వెళ్లాక చెయ్యి ఊపుతూ పోయేవారు. "అందరూ మీకు తెలిసినవాళ్లేనాండీ?" అని అడిగింది మా ఆవిడ. తెలిసినవాళ్లే అన్నాను. ఎడమవైపు ఉప్పు సరస్సులు, కుడివైపు ఇసుక దిబ్బలు, మధ్యలో మా నారింజ వ్యాను. ఆంటీ కట్టిచ్చిన పులిహోర తింటూ, సాయంత్రానికి మౌంట్ గాంబియర్‌లో వ్యాన్లు ఆపుకునే పార్కు చేరాము.

శనివారం పొద్దున్నే బ్లూ లేక్ దగ్గరికి తీసుకెళ్లాను. నిప్పు లేకపోయినా ఆ నీలం చూసి ముగ్ధురాలైపోతుందని, ఆ మైమరపులో నిప్పు సంగతి అడగదని నా ఆశ. వెళ్లి చూద్దును కదా, సరస్సు బూడిద రంగులో ఉంది. పాత్రలు తోమిన నీళ్ల రంగు. నా క్యాలెండరు బొమ్మ ఎండాకాలంలో తీసిందట, చలి మొదలైతే ఆ నీలం పోతుందట. నేను అబద్ధాలాడానని కొండే కాక సరస్సు కూడా నా మీద కక్ష కట్టింది. మా ఆవిడ రెయిలింగు పట్టుకుని చాలాసేపు కిందికి చూసింది. "ఇదేనాండీ?"

"ఇదే. ఇప్పుడు... విశ్రాంతి తీసుకుంటోంది."

"సెలవులు కదండీ పాపం" అంది.

పక్కనే కుక్కని పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ మా మాటలు అర్థం కాకపోయినా మా మొహాలు అర్థమై, చొరవగా దగ్గరికొచ్చి, "ఇట్స్ బీన్ అస్లీప్ ఫర్ థౌజెండ్స్ ఆఫ్ ఇయర్స్, లవ్" అంది ఇంగ్లీషులో. వేల ఏళ్లుగా నిద్రపోతోందట. నేను చటుక్కున మా ఆవిడ వైపు తిరిగి, "మొన్నటిదాకా బాగా మండిందట, ఈ వారమే కాస్త తగ్గిందట" అని తెలుగులోకి మార్చి చెప్పాను. ఆమె ఇంగ్లీషు మీడియంలో బీయెస్సీ చదివిన మనిషన్న సంగతి ఆ క్షణంలో ఎందుకు మరచిపోయానో దేవుడికే తెలియాలి. ఆమె మాత్రం పెద్దావిడకి "థాంక్యూ ఆంటీ" అని చెప్పి, నాతో "మనం వారం లేటయ్యామన్నమాట" అంది. కంగారులో ఆ బూడిద నీళ్లని అన్ని కోణాల్లోంచీ ఫొటోలు తీశాను. ముప్పై ఆరు ఫొటోల రీలులో ముప్పై అయిదు అక్కడే అయిపోయాయి. మిగిలింది ఒక్కటి. మామగారి గోడకి ఆ ఒక్కటే ఆధారం.

"ఇంకోటుంది. అది అసలైనది" అన్నాను, బండి తిప్పుతూ. విక్టోరియా సరిహద్దు దాటి, సముద్రతీరంలోని వార్నంబూల్ అనే ఊరికి కాస్త ఇవతల, టవర్ హిల్ అని మరో పాత అగ్నిపర్వతం ఉంది. దాని నోట్లోకే రోడ్డు దిగుతుంది. అక్కడైనా ఏ మూలైనా కాస్త పొగ ఉండకపోతుందా అని నా ఆశ (మునిగేవాడి ఆశకి లాజిక్కు అడక్కండి). మూడు గంటల ప్రయాణం. దిమ్మ వేడి, గతుకుల కుదుపు, అద్దంలోంచి ఎండ. డబ్బా మాత్రం తాళ్ల మధ్య బుద్ధిగా కూర్చుంది.

టవర్ హిల్ లోపల పొగ కాదు కదా, పచ్చగడ్డి ఉంది. చెట్లు, నీళ్లు, బాతులు, చెట్ల మీద కునుకు తీస్తున్న కోలాలు, మనుషుల్ని లెక్క చెయ్యకుండా తిరిగే ఈమూ పక్షులు. అంత ప్రశాంతమైన చోటు నేను చర్చిలో కూడా చూడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సరిగ్గా అప్పుడు ముక్కుకి వాసన తగిలింది. పిక్నిక్కు బల్లల దగ్గర ఎర్ర ముక్కు తాతగారొకాయన, పొట్టి నిక్కరుతో, బార్బీ (బార్బెక్యూ పొయ్యిని అక్కడివాళ్లు ముద్దుగా అలా అంటారు) మీద సాసేజీలు కాలుస్తున్నాడు. అందులోంచి పొగ వస్తోంది. వచ్చిన పొగ గాలికి సాగి, వెనకనున్న కొండ అంచు మీదుగా, అచ్చం దాని నోట్లోంచి వస్తున్నట్టే పైకి లేస్తోంది!

మా ఆవిడని ఒక రాయి పక్కన నిలబెట్టి, తాతగారి దగ్గరికి పరిగెత్తాను. "సర్, ఇంకొంచెం ఎక్కువ పొగ పెట్టగలరా?" ఆయన సాసేజీ పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి నన్ను ఎగాదిగా చూశాడు. నలభై ఏళ్లుగా బార్బీ చేస్తున్నా, పొగ తగ్గించమని అడిగినవాళ్లే తప్ప పెంచమన్నవాళ్లు లేరట. సంగతి చెప్పక తప్పలేదు. నా భార్యకి అగ్నిపర్వతం మండుతుందని చెప్పాను, మా మామగారికి ఫొటో కావాలి, ఒక్కటే మిగిలింది అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అడిలైడ్‌లో ఎవరికీ చెప్పుకోని బాధ, ముక్కూమొహం తెలియని ఆయనకి. ఆయన కాసేపు ఆలోచించి, "ఫాదర్ ఇన్ లా, ఆయ్?" అని లోకంలోని అల్లుళ్లందరి తరఫునా తల పంకించి, "నో వర్రీస్, మైట్" (అక్కడివాళ్ల నోట్లో "మేట్" అలాగే పలుకుతుంది) అంటూ కొవ్వు ఎక్కువున్న నాలుగు సాసేజీలు నిప్పుల్లోకే తోసేశాడు. నల్లటి పొగ బ్రహ్మాండంగా లేచింది. కెమెరా ఆయనకే ఇచ్చాను. "మీరు చెప్పగానే నొక్కుతాను" అన్నాడు.

అంతలో మా ఆవిడ, "ఏవండీ, చలేస్తోందండి, నా శాలువా" అంది. వ్యాను దగ్గరికి వెళ్లి తలుపు జరిపాను. శాలువా ముందు సీట్లో ఉంది. దాని పక్కనే డబ్బా. డబ్బా మూత, నోట్లో మొత్తం లడ్డూ కుక్కుకున్నవాడి బుగ్గలా ఉబ్బి ఉంది. లోపలి నుంచి సన్నగా "సుయ్" మంటోంది. చూడగానే నాకు అర్థమైంది. ఒత్తిడి. నా వృత్తి. ఇలాంటప్పుడు నెమ్మదిగా, ఒక్కో చోట వదులు చెయ్యాలని ఎంతమందికి గీసి చూపించలేదు! వంగి, చెవి దగ్గర పెట్టి విని, మొదటి క్లిప్పు తీశాను. మిగతా రెండూ నా కోసం ఆగలేదు.

ఠాప్! మూత వెళ్లి కప్పుకి కొట్టుకుంది. పిండి నా మొహానికి కొట్టుకుంది. మూడు నెలలుగా మా ఇంట్లో పొంగనన్న పిండి, ఆ బకాయి మొత్తం ఒక్కసారి తీర్చేసింది. ముందు అద్దం, స్టీరింగు, ఆంటీగారి వెంకటగిరి కర్టెన్లు, శాలువా, నా కళ్లు, చెవులు, నోరు అన్నీ తెల్లబడిపోయాయి. ఏమీ కనిపించక చేతులు చాపుకుని, తడుముకుంటూ, వ్యానులోంచి బయటికి దిగి, "ఏమే! ఏమే!" అని అరుస్తూ ఆమె వైపు నడిచాను. (పెళ్లయ్యాక ఆమెని నేను "ఏమే" అని పిలవడం అదే మొదటిసారి. అంతవరకూ "ఇదిగో" అనే పిలిచేవాణ్ని, గోదావరి పిల్లంటే ఆ భయం వేరు.)

 ఎదురుగా ఒక నవ్వు. నాకు తెలియని నవ్వు, ఎక్కడో కడుపు అడుగు నుంచి పుట్టి, పైకి లేచి, ఆపుకుందామన్నా ఆగక బద్దలైన నవ్వు. "అయ్యబాబోయ్! అయ్యబాబోయ్... మూత బిగించకండని... చెప్పానా లేదాండీ..." అంటూ పొట్ట పట్టుకుని రాయి మీద కూలబడిపోయింది. కళ్లు తుడుచుకుని చూశాను. మూడు నెలలుగా మా ఇంట్లో పెదవి చివర మాత్రమే కనిపించిన నవ్వు అది. ఇంత ఉందా లోపల, అనుకున్నాను. ఒక ఈమూ తాపీగా నడిచొచ్చి నా భుజం మీద పిండి ఒకసారి పొడిచి రుచి చూసి, ఉప్పు చాలలేదన్నట్టు వెళ్లిపోయింది. అప్పుడు వినబడింది, "క్లిక్" మని. "గాట్ ఇట్, మైట్!" అన్నాడు తాతగారు గర్వంగా. నా ఆఖరి ఫొటో.

ఆ తరవాతి గంట చక్కగా గడిచింది. తాతగారి భార్య ఒక బకెట్టు నీళ్లు తెచ్చిపోసింది. డబ్బా అడుగున ఇంకా మిగిలిన పిండి చూసి మా ఆవిడ చీర కుచ్చిళ్లు బిగించి, బార్బీ రేకుని సగం ఉల్లిపాయతో రుద్ది, దాని మీద అట్లు పోసింది. తాతగారు వాటిని సాసేజీ చుట్టూ చుట్టుకుని, టొమాటో సాసు పోసుకుని, మేము వెంట తెచ్చుకున్న ఆవకాయ అంచుకి పెట్టుకుని (ఆవకాయ కొంచెమే వేసుకోండి అని ఆమె చెబుతూనే ఉంది) తిని, కాసేపు కొండ వైపు తిరిగి నిలబడ్డాడు. "నౌ దట్స్ ఎ వాల్కేనో" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రానికి వార్నంబూల్ చేరాము. కర్టెన్లు డబ్బులేసి తిప్పే బట్టల మిషనులో వేసి, అవి ఉతికేలోగా సముద్రం దగ్గరికి నడిచాము. అలల్ని ఆపడానికి కట్టిన రాతి గోడ ఒకటి నీళ్లలోకి చాలా దూరం వెళ్తుంది. దాని చివర కూర్చున్నాము. పొద్దు వాలుతోంది. నరసాపురం పిల్ల, మూడు నెలల తరవాత సముద్రం చూసింది. గాలి పీల్చి, "మన వాసనేనండి" అంది. ఆ మాట విన్నాక ఇంక నా వల్ల కాలేదు. ఫొటో ఎలాగూ పాడైపోయింది. ఉత్తరాల్లో రాసినదంతా కల్పన అని చెప్పేశాను. పొగ లేదు, నిప్పు లేదు, ఆకాశం ఎర్రబడలేదు, కనుబొమ్మ పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంది. చెబుతున్నంతసేపూ నా చెప్పుల వైపే చూశాను.

ఆమె గాలికి ఎగురుతున్న కొంగు దగ్గరికి లాక్కుంది. తరవాత, "తెలుసండి" అంది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి ఉత్తరం నుంచేనండి. నాన్నగారు సోషలు మాస్టారు కదా. ఆస్ట్రేలియాలో మండే కొండలు లేవని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు."

"మీ నాన్నగారు చదివారా నా ఉత్తరాలు?"

"చదవడమేంటండీ, మీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం ప్రార్థన కాగానే మా అరుగు మీద ఆయన పైకి చదివేవారు, వీధి వీధంతా వచ్చేది. కరణంగారి భార్య కుర్చీ తెచ్చుకునేది. కనుబొమ్మ మాడిన వారం అందరూ ఎంత కంగారుపడ్డారో! మా మేనత్తయితే బర్నాలు కొని పంపుదామంది."

నాకు ఆ రాతిగోడ మీంచి సముద్రంలో దూకుదామా అనిపించింది. నేనొక్క పిల్లకి రాస్తున్నాననుకున్నాను, ఊరికి సీరియల్ రాశానన్నమాట. "మరి ఆ ఫొటో అడగడం?" అన్నాను నీరసంగా.

"అల్లుడుగారు ఏం పంపుతారో చూద్దామని నాన్నగారి ముచ్చటండి. ఆయన ఒకటే అన్నారు. 'ఇంత చేతకాని అబద్ధాలు ఆడేవాడు పెద్దవి దాచలేడమ్మా, ధైర్యంగా వెళ్లు' అని."

నా మీద అంతకంటే మంచి మాట ఇప్పటి దాకా ఎవరూ అనలేదు. అయినా ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. అడిగేశాను. "అంటే... ఉత్తరం మొత్తం చదివేవారా? ఆఖరిదాకా?"

ఆమె నా వైపు చూడలేదు. కొంగు చివర ఎండిపోయిన పిండి మరక గోటితో గీరుతూ, "ఆఖరి లైను దగ్గర ఆగిపోయేవారండి" అంది. "అక్కడికి రాగానే కాగితం మడిచి, 'ఇది నీది' అని నా చేతికిచ్చేసేవారు. అదొక్కటీ ఎవరికీ వినిపించలేదు."

అల ఒకటి వచ్చి గోడకి కొట్టుకుని మా ఇద్దరి మీదా తుంపర చల్లింది. "మిగతా అంతా కథని తెలిసిందండి. అదొక్కటే కథో నిజమో తెలియలేదు. అది చూద్దామనే వచ్చాను."

"చూశావా మరి?" అన్నాను.

"ఇంకా చూస్తున్నానండి" అంది.

ఆ "అండి"లో ఎంత మర్యాదో ఎంత వెటకారమో నేను కొలవలేదు. లేచి, పిండి వాసన కొడుతున్న నా స్వెటరు ఆమె భుజాల మీద వేశాను. ఇద్దరం కర్టెన్లు తెచ్చుకోవడానికి వెళ్లాము. అవి నాలుగు అంగుళాలు కుంచించుకుపోయాయి. డాక్టరాంటీ ఆ సంగతి పదేళ్ల పాటు ప్రతి ఈస్టరుకీ గుర్తు చేస్తూనే ఉన్నారు.

రీలు కడిగించాక చూస్తే, ముప్పై అయిదు బూడిద రంగు సరస్సుల తరవాత ఆ ఆఖరి ఫొటో ఉంది. వెనక కొండ, కొండ మీద నల్లటి పొగ, ముందు తల నుంచి కాలి దాకా తెల్లగా చేతులు చాపుకుని నేను, పక్కన రాయి మీద విరగబడి నవ్వుతున్న మా ఆవిడ. అది పంపొద్దని బతిమాలాను. ఆమె పంపేసింది. మామగారు మాట ప్రకారం స్కూల్లో ప్రపంచ పటం పక్కన తగిలించారు. కింద ఆ అచ్చు అక్షరాలతో, "టవర్ హిల్, ఆస్ట్రేలియా. నిద్రించుచున్న అగ్నిపర్వతము. ముందున్నది మా అల్లుడు. పేలినది ఇతనే" అని రాశారట. సోషలు మాస్టారు కదా, పిల్లలకి తప్పు చెప్పలేరు.

ఆ ఫొటో ఇంకో ప్రింటు ఇప్పుడు మా హాల్లో ఉంది. మా అమ్మాయి చిన్నప్పుడు దాన్ని చూసి, "మమ్, ఈజ్ దట్ యాష్ ఆన్ డాడ్?" అని అడిగితే, మా ఆవిడ కన్నార్పకుండా "యెస్ రా, వాల్కేనో పేలిందిగా. పాపం డాడీ కనుబొమ్మ కూడా మాడింది" అని చెప్పింది. ఆ పిల్ల అదే స్కూల్లో చెప్పి, టీచరుతో వాదనకి దిగి వచ్చింది. మా ఇంట్లో అబద్ధాల శాఖ అప్పటి నుంచీ ఆమె చేతిలోకి వెళ్లిపోయింది, నాకంటే చాలా బాగా నడుపుతోంది.

నిన్న సాయంత్రం వంటింట్లో ఇడ్లీ పిండి గిన్నె మీద మూత పెడుతున్నాను. వదులుగానే పెట్టాను, ఇన్నేళ్లుగా వదులుగానే పెడుతున్నాను. అయినా హాల్లోంచి, "ఏవండీ, మూత బిగించకండి" అని వినబడింది. చేతులు కడుక్కుని వస్తూ గోడ మీద ఆ తెల్ల మొహం కుర్రాడి ముందు ఒక నిమిషం ఆగాను. ఒరేయ్, అంత కష్టపడ్డావు గానీ, ఆ ఒక్క లైను రాస్తే సరిపోయేదిరా, అనుకున్నాను. తరవాత, ఇద్దరం కునుకు తీసే వయసుకి వచ్చాం గదా, ఇంక పేలేదేముంది అనే ధైర్యంతో, ఆమెని అడిగాను. "అవునూ, ఆ ఆఖరి లైను... చూడ్డం పూర్తయిందా?"

ఆమె కళ్లజోడు పైనుంచి నన్నూ, గోడ మీద వాణ్నీ ఒకసారి చూసింది.

"తొందరేముందండి" అంది. "ఇంకా చూస్తున్నానండి."